పురుగు తుమ్మెద అయినప్పుడు

తొలకరి వాన వెలిసిన సాయంకాలం ఉసిళ్ళు లేస్తాయి. నేలలోని సన్నని రంధ్రాల నుంచి వేలకొద్దీ బయటికి వచ్చి, అంతకు ముందెన్నడూ వాడి ఎరుగని రెక్కలతో, కనిపించిన మొదటి దీపం వైపు ఎగురుతాయి. కొంతసేపటికే ఆ రెక్కలను తామే రాల్చివేసి, మళ్ళీ నేలను వెదుక్కుంటూ పాకిపోతాయి. నల్లమల అడవి అంచున ఉన్న ఆత్మకూరులోనైనా, తపతీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరాలోనైనా వాటి నియమం ఇదే.

హజీరా సూరత్ నగరానికి పడమరగా, అరేబియా సముద్రపుటొడ్డున ఉన్నది. దాని పొరుగున ఉన్న సువాలీ రేవులో ఒకప్పుడు ఇంగ్లీషువారి ఓడలు లంగరు వేసేవి. 1612లో వారు అక్కడే పోర్చుగీసు ఓడలను ఎదిరించి, సూరత్‌లో వ్యాపారానికి నిలదొక్కుకున్నారు. అంగడి పెట్టుకోవడానికి వచ్చినవారు క్రమంగా ఏ రూపం ధరించారో చరిత్ర చదివిన వారందరికీ తెలిసినదే. 1980ల తర్వాత ఈ తీరం మరొక రూపం దాల్చింది. గ్యాసు, ఎరువులు, ఉక్కు, ఓడరేవు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కృభ్‌కో ఎరువుల కర్మాగారం, ఓఎన్‌జీసీ గ్యాసు కేంద్రం వంటివి వెలసిన తర్వాత దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు ఇక్కడికి చేరుకున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. సూరత్ నగరంలోనైతే నేతపని మీద తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి.

ఇటువంటి ఒక కాలనీలో, ఒక తెలుగు ఇంజనీరు ఇంట్లో, తొలకరి సాయంకాలం నలుగురు పిల్లలు భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆ ఇంటి కుర్రవాడికి పద్నాలుగేళ్ళు. మిగిలిన ముగ్గురిలో ఒకడు గుజరాతీ, ఒకడు మలయాళీ, ఒక అమ్మాయి ఒరియా. బల్ల మీద పెన్సిళ్ళు, కాగితాలు, చిత్రమైన ఆకారాల పాచికలు ఉన్నాయి. గది మూలన నేలమీద ఆ కుర్రవాడి అవ్వ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది. దీపం కింద ఆమె ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టింది. దీపం నీడ నీళ్ళలో కనిపిస్తే ఉసిళ్ళు అందులో పడతాయి, ఇల్లంతా ముసరవు. ఇది ఆమెకు ఆత్మకూరులో ఆమె అత్తగారు నేర్పిన విద్య.

ఆమె ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలయింది. భర్త పోయిన తర్వాత ఊళ్ళో ఇల్లు అమ్మివేశారు. కొడుకు వచ్చి తీసుకువచ్చాడు. కొడుకూ కోడలూ ఆమెను ఏ లోటూ లేకుండా చూసుకుంటున్నారు. కాని ఇరుగుపొరుగు ఆమెను గుజరాతీలో ‘బా’ అనీ, హిందీలో ‘మాజీ’ అనీ, ‘దాదీ’ అనీ పిలుస్తారు. ఆమె నవ్వి తల ఊపుతుంది. మనుమడికి తెలుగు అర్థమవుతుంది, మాటలాడేటప్పుడు తడబడుతుంది, చదవడం మాత్రం రాదు. అందుకని అవ్వా మనుమల నడుమ సంభాషణ చాలావరకు ‘అన్నం తిన్నావా?’, ‘తిన్నాను’ అన్నంతలో ముగిసిపోయేది.

ఆ సాయంకాలం ఆమె అడిగింది. “ఏందిరా నాయనా, అంతసేపు అరుచుకుంటున్నారు?”

కుర్రవాడు మాటలు కూడదీసుకుని చెప్పాడు. “పురుగులు, అవ్వా. మనుషుల్లో దూరతాయి. దానికి రూల్స్ రాస్తున్నాము.”

అవ్వ చేతిలోని చిక్కుడుకాయను పక్కన పెట్టింది.

* * *

ఈ ఆటను గురించి పాఠకులలో కొందరు వినకపోయి ఉండవచ్చు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో ఒక ఆటను వెలువరించారు. చదరంగంలో వలె ఇందులో గళ్ళ బల్ల తప్పనిసరి కాదు, గెలుపు ఓటములూ లేవు. ఆటగాళ్ళు తలా ఒక పాత్రను ధరిస్తారు. ఒకరు కథ నడుపుతారు. ‘గుహలో చీకటిగా ఉన్నది, లోపల ఏదో కదిలింది, ఏం చేస్తావు?’ అని అతడు అడుగుతాడు. ఆటగాడు తన పాత్ర ఏం చేయునదీ చెబుతాడు. ఆ పని నెరవేరుతుందా లేదా అన్న సందేహం వస్తే పాచిక వేస్తారు. ఇరవై ముఖాల పాచిక ఈ ఆటకు గుర్తు వంటిది. మన పల్లెల్లో రాత్రిపూట కథ చెప్పే ముసలివారిని పిల్లలు ‘ఊ’ కొడుతూ వింటారు. ఇక్కడ ఊ కొట్టే పిల్లలే కథలో దిగి నడుస్తారు. తేడా అంతే.

దీని తర్వాత ఇటువంటి ఆటలు అనేకం వచ్చాయి. 1989లో ఫాసా అనే షికాగో సంస్థ ‘షాడోరన్’ అనే ఆటను ప్రచురించింది. మంత్రశక్తి తిరిగి మేల్కొన్న భావికాలపు నగరాలు దాని రంగస్థలం. ఆ ఆటలో అందరికన్నా భయంకరమైన శత్రువులు కీటకాత్మలు. చీమ, తేనెటీగ, కందిరీగ, చెద, బొద్దింక వంటి ప్రాణుల ఆత్మలు వేరొక లోకం నుంచి వస్తాయి. వాటికి ఈ లోకంలో నిలవడానికి ఒక మనిషి ఒడలు కావాలి. మాంత్రికుడు ఒక మనిషిని గూడులో ఉంచి, అతనిలోకి ఆత్మను ప్రవేశపెడతాడు. ఫలితం మూడు విధాలుగా ఉంటుంది. మనిషి పూర్తిగా కరిగిపోయి పెద్ద కీటకమే బయటికి రావచ్చు. సగం మనిషి, సగం పురుగు రావచ్చు. లేదా పైకి చూస్తే మనిషే, లోపల ఉన్నది మాత్రం మరొకటి కావచ్చు. ఈ మూడవదే అన్నిటికన్నా ప్రమాదకరం. ఎదుటివారికి అది తెలియదు.

1990లో ఈ ఆటకు అనుబంధంగా వచ్చిన ‘యూనివర్సల్ బ్రదర్‌హుడ్’ అనే పుస్తకంలో, ఒంటరివారిని ఆదరిస్తున్నట్టు కనిపించే ఒక ధర్మసంస్థ వెనుక ఈ కీటకాత్మల గూడు ఉంటుంది. 1994లో వచ్చిన ‘బగ్ సిటీ’లో షికాగో నగరమే వాటి పాలయి, చుట్టూ గోడతో మూసివేయబడుతుంది. ఇంతటి భయంకరమైన ఆత్మలకూ ఆ నియమాలలో ఒక బలహీనత ఉంచారు. పురుగుల మందు వాటిని మామూలు ఆయుధాలకన్నా ఎక్కువగా బాధిస్తుంది. చదివినవారికి నవ్వు వచ్చినా, అది ఆటలోని న్యాయం. ఎంతటి శత్రువుకైనా ఒక లొసుగు ఉండి తీరాలి, లేకపోతే ఆట ముందుకు సాగదు.

హజీరా పిల్లలు ఈ పుస్తకాలను యథాతథంగా ఆడడం లేదు. అవి కొన్ని చదివి, కొన్ని విని, తమకు తోచినట్టు తమ ఆటను తాము కట్టుకుంటున్నారు. వచ్చిన చిక్కంతా అందులోనే ఉన్నది. కథ కల్పించడం తేలిక, నియమం రాయడం కష్టం. పురుగు ఎప్పుడు మనిషి రూపం ధరించగలదు? ఎంతసేపు నిలుపుకోగలదు? దానిని ఎలా గుర్తుపట్టాలి? ఎలా వదిలించాలి? ప్రతి ప్రశ్న దగ్గరా నలుగురూ నాలుగు విధాలుగా వాదిస్తున్నారు.

ఆ సమయంలో కుర్రవాడి తండ్రి కర్మాగారం నుంచి తిరిగివచ్చాడు. అతనికి ఈ ఆట అంటే మనసు లేదు. పదవ తరగతి దగ్గరపడుతున్నదని అతని బెంగ. గదిలోకి రాగానే మందలించబోయాడు. కాని తల్లి చేయి ఎత్తి ఆపింది.

“వీళ్ళు అడుగుతుండేదానికి నా దగ్గర జవాబు ఉంది. నువ్వు వాళ్ళ మాటలో చెప్పు,” అన్నది.

ఆ విధంగా అతడు ఆ పూట తన ఇంట్లోనే దుబాసీ అయ్యాడు.

* * *

ఆమె చెప్పినది శ్రీశైలపు కథ.

అరుణాసురుడు అనే రాక్షసుడు గాయత్రిని జపిస్తూ ఘోరతపస్సు చేశాడు. బ్రహ్మ ప్రత్యక్షమైతే చావు లేని వరం అడిగాడు. పుట్టినవానికి చావు తప్పదని బ్రహ్మ నిరాకరించాడు. అప్పుడు అరుణుడు తెలివిగా ఒక జాబితా చెప్పాడు. యుద్ధంలో చావు వద్దు, ఆయుధం వల్ల వద్దు, మగవాని చేత వద్దు, ఆడదాని చేత వద్దు, రెండు కాళ్ళ ప్రాణి వల్ల వద్దు, నాలుగు కాళ్ళ ప్రాణి వల్ల వద్దు. బ్రహ్మ సరే అన్నాడు. ఇక దేవతలకు దిక్కు లేకపోయింది. అరుణుడు గాయత్రీ జపం చేస్తున్నంతకాలం అతణ్ణి ఎవరూ తాకలేరు. బృహస్పతి ఉపాయంగా అతనిచేత జపం మాన్పించాడు. అప్పుడు దేవి భ్రామరీ రూపం ధరించి, తననుంచి లెక్కలేనన్ని తుమ్మెదలను విడిచిపెట్టింది. అవి రాక్షసుణ్ణి కమ్ముకుని చంపివేశాయి.

తండ్రి దీనిని హిందీలో చెప్పి ముగించేసరికి ఒరియా అమ్మాయి బల్ల మీద చేత్తో చరిచింది. “ఆరు కాళ్ళు! వాడు ఆరు కాళ్ళ సంగతి మరిచిపోయాడు!”

దేవీ భాగవతంలో ఉన్న ఈ కథను శ్రీశైలంలో భ్రమరాంబ పేరుతో చెప్పుకుంటారు. మల్లికార్జునుని జ్యోతిర్లింగం, అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటైన భ్రమరాంబ ఆలయం ఒకే కొండ మీద ఉన్నాయి. అమ్మవారి గర్భగుడి వెనుక గోడకు చెవి ఆనిస్తే తుమ్మెదల ఝంకారం వినిపిస్తుందని భక్తుల నమ్మకం. అవ్వ తన పదిహేనవ ఏట, శివరాత్రికి, ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా అడవి దారిన కాలినడకన వెళ్ళి ఆ గోడకు చెవి ఆనించింది. “వినపడిందా అవ్వా?” అని మనుమడు అడిగాడు. ఆమె కొంచెం ఆలోచించింది. “నా చెవులో రక్తం చప్పుడో, అమ్మవారి చప్పుడో తెలీదు నాయనా. చప్పుడైతే ఉండింది,” అన్నది.

మన భాషలోనే ఈ నియమం దాగి ఉన్నది. తుమ్మెదకు షట్పదం అని పేరు, ఆరు కాళ్ళది అని అర్థం. ద్విరేఫం అని మరొక పేరు. భ్రమర శబ్దంలో రేఫలు రెండు ఉన్నాయి గనుక ఆ పేరు వచ్చింది. ఒక పేరు పురుగు కాళ్ళను లెక్కపెట్టింది, మరొక పేరు పురుగు పేరులోని అక్షరాలను లెక్కపెట్టింది. వరాల కథలన్నీ ఇటువంటి లెక్కల మీదనే నడుస్తాయి. హిరణ్యకశిపుడు ఇంటిలోపల, ఇంటిబయట అని లెక్కపెట్టి గడపను మరిచాడు. అరుణుడు రెండు, నాలుగు అని లెక్కపెట్టి ఆరును మరిచాడు. వరమిచ్చేవాడు మాటకు కట్టుబడి ఉంటాడు. అడిగేవాడి బుద్ధిలోనే లొసుగు ఉంటుంది. నియమాలు రాసే ఏ బాలుడైనా ముందుగా నేర్చుకోవలసిన పాఠం ఇది.

ఆ పైన కర్ణుని కథ వచ్చింది. శాంతిపర్వంలో చెప్పినట్టుగా, పరశురాముడు శిష్యుని ఒడిలో తల పెట్టుకుని నిద్రించినప్పుడు అలర్కమనే కీటకం కర్ణుని తొడను తొలిచింది. గురువుకు నిద్రాభంగం అవుతుందని అతడు కదలలేదు. నెత్తురు తడి తగిలి పరశురాముడు మేల్కొని చూడగానే ఆ పురుగు ప్రాణం విడిచి, దంశుడనే అసురుడుగా ఆకాశంలో నిలిచింది. భృగుమహర్షి భార్యను అపహరించినందుకు ఆయన శాపం వల్ల పురుగైన వాడు అతడు. భృగువంశంలో పుట్టిన రాముని వల్ల శాపం తీరుతుందని మహర్షి అప్పుడే చెప్పి ఉంచాడు.

“దానికి ఎన్ని కాళ్ళు?” అని మలయాళీ బాలుడు అడిగాడు. భారతం దానికి ఎనిమిది కాళ్ళు అంటున్నది. దానిమీద పెద్ద రగడ జరిగింది. ఎనిమిది కాళ్ళున్నది పురుగు కాదని బడిలో చెప్పారని ఒకరు, మరి సాలీడు మాటేమిటని ఒకరు. శ్రీకాళహస్తిలో శివుణ్ణి పూజించి ముక్తి పొందిన మూడు ప్రాణులలో మొదటిది సాలీడేనని అవ్వ జ్ఞాపకం చేసింది. చివరికి ఎనిమిది కాళ్ళవాటిని ప్రత్యేక వర్గంగా చేర్చారు. అరుణుని వరానికి అవి కూడా లొంగవు గదా అని గుజరాతీ బాలుడు వాదించి గెలిచాడు.

అవ్వ ఆఖరున ఒక మాట అన్నది. “శాపం ఇచ్చేవాడు అది ఎప్పుడు తీరుతుందో కూడా చెప్పాల. లేకపోతే అది శాపం కాదు, దుర్మార్గం.”

కుర్రవాడు దానిని ఇంగ్లీషులో రాసుకున్నాడు. అది ఆరవ నియమం అయింది.

* * *

ఏడవ నియమం దగ్గర ఆట ఆగిపోయింది.

ఆ నియమం కుర్రవాడు ముందే రాసి ఉంచుకున్నది. కీటకాత్మ మనిషిలో ప్రవేశించినప్పుడు పాచిక వేయాలి. పదికి తక్కువ పడితే ఆ మనిషి మొదట తన భాష మరిచిపోతాడు, తర్వాత తన ఊరు, ఆ తర్వాత తన పేరు. పేరు మరిచిన మనిషి తిరిగి రాడు. పిల్లలందరికీ అది బాగా నచ్చింది. భయం పుట్టించే నియమం అది. తండ్రి దానిని తెలుగులో తల్లికి చెప్పడం మొదలుపెట్టి, ‘భాష’ అన్న మాట దగ్గర కొంచెం తడబడి, చివరివరకూ చెప్పాడు.

ఆమె ఏమీ అనలేదు. చిక్కుడుకాయల చాట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిల్లలకు విషయం అర్థం కాలేదు. తండ్రికి అర్థమయింది. కొడుకుతో మెల్లగా అన్నాడు. “మీ అవ్వ పేరు నీకు తెలుసునా?”

కుర్రవాడు నోరు తెరిచి, మూసుకున్నాడు. అవ్వ పేరు అవ్వ. అంతకు మించి ఆమెకు మరొక పేరు ఉంటుందని అతనికి ఎన్నడూ తోచలేదు. కాలనీలో ఎవరికీ తోచలేదు. ఎనిమిది నెలలుగా ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవలేదు. పిలిచేవారిలో చివరి మనిషి ఆత్మకూరులో కన్నుమూశాడు.

ఆమె ఆ రాత్రి ఆటకు తిరిగి రాలేదు గాని, అన్నాలు వడ్డిస్తూ మనుమడికి తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పింది. వాళ్ళ ఇంటి ద్వారబంధం మీద నల్లని కందిరీగ ఒకటి మట్టితో చిన్న కుండ వంటి గూడు కట్టేది. ఎక్కడనుంచో ఒక పచ్చని పురుగును మోసుకొచ్చి అందులో పెట్టి, మూతి మూసి, చుట్టూ ఝుమ్మని తిరిగేది. కొన్నాళ్ళకు ఆ గూడు పగిలి అందులోనుంచి కందిరీగే బయటికి వచ్చేది. పురుగు ఏమయిందని అడిగితే పెద్దలు చెప్పేవారు: భయంతో ఆ పురుగు రాత్రింబవళ్ళు తుమ్మెదనే తలుచుకున్నది, తలుచుకుని తలుచుకుని తానే తుమ్మెద అయింది.

మనుమడు జీవశాస్త్రం చదువుతున్నవాడు. అతడు ఉన్నమాట చెప్పివేశాడు. “ఆ పురుగు తుమ్మెద కాలేదు అవ్వా. దాన్ని తిన్నది.”

* * *

అవ్వ చెప్పినదానిని శాస్త్రాలలో భ్రమరకీటక న్యాయం అంటారు. వేదాంత గ్రంథాలలో జీవుడు బ్రహ్మమగుటకు ఇది సుపరిచితమైన దృష్టాంతం. భాగవతంలో అవధూత తనకు గురువులని చెప్పిన ఇరవై నలుగురిలో తేనెటీగ, మిడుత, సాలీడులతో పాటు ఈ గూడుకట్టే కీటకం కూడా ఉన్నది. దేనిని ఎడతెగక ధ్యానిస్తామో దాని రూపమే పొందుతామని ఆయన దాని వల్ల గ్రహించాడు. ధ్యానం ప్రేమతోనే జరగనక్కరలేదు, ద్వేషంతోనైనా, భయంతోనైనా ఫలితం ఒక్కటే.

ఫ్రాన్సు దేశంలో జాన్ హెన్రీ ఫాబ్రే (1823–1915) అనే బడిపంతులు ఇవే కీటకాలను ఏళ్ళతరబడి గమనించి, 1879 నుంచి సంపుటాలుగా ప్రకటించాడు. ఆయన కుండగూడును జాగ్రత్తగా తెరిచి చూస్తే కనిపించినది ఇది. తల్లి కందిరీగ పచ్చపురుగును కొండితో పొడిచి స్తంభింపజేస్తుంది. పురుగు చావదు, సరిగా కదలలేదు. గూటి కప్పునుంచి సన్నని దారంతో ఒక గుడ్డు వేలాడుతూ ఉంటుంది. గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చి, తాజాగా నిలువచేసిన ఆ ఆహారాన్ని తిని పెరుగుతుంది. గూటినుంచి ఎగిరిపోయేది ఆ పిల్ల. పచ్చపురుగు ఆ గూటిలోనే సమాప్తమవుతుంది.

షాడోరన్ ఆటను కల్పించినవారి కీటకాత్మలు మన వేదాంతికన్నా ఫాబ్రే పంతులుకు దగ్గర. గూడు, కదలలేని మనిషి, లోపల పెరిగే మరొకటి, బయటికి వచ్చేటప్పుడు ఎవరూ గుర్తుపట్టని రూపం, అన్నీ సరిపోయాయి. ఆ ఆట ఒకే ఒక చోట అదనంగా ఒక సందేహాన్ని ఉంచింది. అక్కడ మనిషిలో ఎంత మిగులుతుందన్నది ముందే తేలిపోలేదు.

ఇల్లు వదిలి దూరదేశం వచ్చిన ముసలివారికి ఈ రెండు వ్యాఖ్యానాలలో ఏది వర్తిస్తుంది? కొత్త నేలను తలుచుకుని తలుచుకుని వారు కొత్త మనుషులవుతారా? లేక కొత్త తరానికి ఆహారమై సమాప్తమవుతారా? అవ్వ ఈ మాటలతో ఆలోచించి ఉండదు. కాని మనుమడు ‘తిన్నది’ అన్నప్పుడు ఆమె చేతిలోని గరిటె ఆగింది. ఆ తర్వాత అన్నది:

“ఆ పురుగు లోపల ఏమనుకున్నదో దాన్ని ఎవరన్నా అడిగినారా?”

చిత్రమేమిటంటే, శాస్త్రజ్ఞులు ఇంచుమించు ఈ ప్రశ్ననే అడిగారు. అడిగినది కందిరీగ వాత పడిన పురుగును కాదు, తానే గూడు కట్టుకుని రూపం మార్చుకునే పురుగును. గొంగళిపురుగు గూడులో ఉన్నప్పుడు దాని శరీరంలో చాలాభాగం కరిగిపోయి, మొదటినుంచీ అణగి ఉన్న కణాల ముద్దలనుంచి రెక్కలు, కాళ్ళు, కళ్ళు కొత్తగా ఏర్పడతాయి. ఇంతటి ప్రళయంలో పాత జ్ఞాపకం మిగులుతుందా? అమెరికాలోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ప్రకటించిన ప్రయోగంలో, పొగాకు చేలను ఆశించే ఒక జాతి గొంగళిపురుగులకు ఒక వాసన చూపి, వెంటనే స్వల్పంగా విద్యుత్తు తగిలించారు. అవి ఆ వాసనకు దూరంగా పోవడం నేర్చుకున్నాయి. గూడు కట్టుకుని, కరిగి, రెక్కల పురుగులై బయటికి వచ్చిన తర్వాత కూడా వాటిలో చాలా వాటికి ఆ వాసన గుర్తున్నది. గూడు కట్టబోయే ముందు దశలో నేర్చినదే ఆ విధంగా నిలిచింది. మరీ చిన్నతనంలో నేర్చినది నిలవలేదు. రూపం మారినంత మాత్రాన అంతా పోదు. ఏది పోతుంది, ఏది నిలుస్తుంది అన్నదానికి ఏదో నియమం ఉన్నది.

* * *

మరుసటి ఆదివారం పిల్లలు మళ్ళీ చేరారు. కుర్రవాడు ఏడవ నియమాన్ని కొట్టివేయలేదు. కొట్టివేస్తే ఆటలో భయం పోతుంది, భయం పోతే ఆట పోతుంది. అతడు దానికి ముందు మరొక వాక్యం చేర్చాడు. ఆత్మ ప్రవేశించక మునుపు, పాచిక చేతిలోకి తీసుకోక మునుపు, ప్రతి ఆటగాడూ తన కాగితం మీద ఒక్క విషయం రాసుకోవచ్చు. పాచిక ఎంత పడినా సరే, ఆత్మ దానిని తీసుకోలేదు. ఒక్కటే రాయాలి, రెండు కూడదు.

నియమం చిన్నదే. దానివల్ల బల్ల చుట్టూ చాలాసేపు నిశ్శబ్దం ఏర్పడింది. అంతవరకు పిల్లలు తమ పాత్రలకు కత్తులు, మంత్రాలు, బంగారు నాణేలు రాసుకున్నారు. ఇప్పుడు ఒక్కటే ఉంచుకోమంటే ఏది ఉంచుకోవాలో తోచలేదు. గుజరాతీ బాలుడు తన కుక్కను రాసుకున్నాడు. ఒరియా అమ్మాయి ముందు తన పేరు రాసి, కొట్టివేసి, తన తమ్ముడి పేరు రాసింది. మలయాళీ బాలుడు తన కాగితాన్ని ఎవరికీ చూపించలేదు.

“నువ్వూ ఆడు అవ్వా,” అన్నాడు మనుమడు. ఆమెకు కూడా ఒక కాగితం ఇచ్చాడు.

నల్లమల చెంచులు తేనె తీయడానికి కొండచరియ మీదనుంచి తాటిని పట్టుకుని దిగుతారు. పైన ఆ తాడు పట్టుకుని నిలబడేది దిగేవాని బావమరిది అని చెబుతారు. తోబుట్టువు పసుపుకుంకుమలు నిలవాలని కోరుకునేవాడు తాడు వదలడు గదా. అవ్వ పెన్సిలు పట్టుకుని ఈ సంగతి చెప్పింది. తండ్రి దానిని హిందీలోకి మార్చాడు. ఎందుకు చెప్పిందో అప్పుడు ఎవరికీ తెలియలేదు. ఆమె కాగితం మీద ఒక్కటే మాట తెలుగులో రాసి, మడిచి, మనుమడి చేతిలో పెట్టింది.

“దీన్ని నువ్వు పట్టుకో,” అన్నది.

అతడు విప్పి చూశాడు. చదవలేకపోయాడు. తండ్రి వైపు చూశాడు. తండ్రి చదివి చెప్పబోయి, ఏమనుకున్నాడో ఆగిపోయాడు. అంతవరకు ప్రతి మాటనూ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చేరవేసిన ఆ దుబాసీ ఈ ఒక్కమాటను మార్చడానికి ఒప్పుకోలేదు. “అది మీ అవ్వ పేరు. ఆమెనే అడిగి నేర్చుకో,” అని మాత్రం అన్నాడు.

ఆట ఆ పూట సాగలేదు. మిగిలిన ముగ్గురూ ఫలహారాలు తిని, రేవు వైపు ఓడలు చూడడానికి వెళ్ళిపోయారు. కుర్రవాడు నేలమీద అవ్వ పక్కన కూర్చుని, ఆమె చూపిన అక్షరాలను ఒక్కొక్కటిగా తన నోటుపుస్తకంలో ఏడవ నియమం పక్కన దిద్దాడు. మొదటిసారి గుడి తప్పింది. రెండవసారి ఒత్తు పక్కకు పోయింది. ఆమె పోనీలే అనలేదు. “ఒత్తు కింద రాయాల,” అని పెన్సిలు తీసుకుని తుడిచి, మళ్ళీ రాయించింది. మూడవసారి సరిగా వచ్చింది. అప్పుడు అతడు దానిని పైకి చదివాడు.

ఎనిమిది నెలల తర్వాత ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచినట్టయింది. “ఊ,” అని పలికింది.

ఆ రాత్రి మళ్ళీ వాన కురిసింది. తెల్లవారి ఆమె తలుపు తీసేసరికి గడప పొడుగునా ఉసిళ్ళ రెక్కలు తడిసి అంటుకుని ఉన్నాయి. రెక్కలు రాల్చినవి ఎటు వెళ్ళాయో కనిపించలేదు. ఆ జంటలలో బతికి నేల చేరినవి మట్టిలో గది తొలుచుకుని, కొత్త పుట్టకు రాజూ రాణీ అవుతాయి. ఆమె చీపురు తెచ్చి గడప ఊడ్చి, నీళ్ళు చల్లి, ఆత్మకూరులో వేసే ముగ్గే హజీరాలో వేసింది.